నడిచే శవాలూ, నాలుగు బిందెల నీళ్లూ

"మాస్టారూ, జాంబీలు నిజంగా ఉంటాయా?" అని ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగాడు. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం అది మంచి ప్రశ్నే అనిపించింది.

పిల్లలూ! జాంబీ అంటే చచ్చిపోయి మళ్లీ లేచి తిరిగే శవమన్నమాట. అది కరిచిన వాళ్లంతా జాంబీలైపోతారని సినిమాల్లో చూపిస్తారు. 2003లో మాక్స్ బ్రూక్స్ అనే అమెరికన్ రచయిత, జాంబీలు విరుచుకుపడితే ప్రాణాలు ఎలా దక్కించుకోవాలో చెబుతూ ఒక పుస్తకమే రాశాడు. అంతా కల్పనే, అయినా అచ్చం ప్రథమ చికిత్స పుస్తకంలా గంభీరంగా సాగుతుంది. మేడెక్కి, కింది మెట్లు పడగొట్టమంటాడు. కారు వదిలి సైకిలెక్కమంటాడు. ఈ రెండో సలహా నాకు బాగా నచ్చింది. సైకిలుకి పెట్రోలు అక్కరలేదు కదా!

సరే, శవం నడవగలదా? మన కండరాలు పనిచేయడానికి ఏ.టి.పి. అనే పదార్థం శక్తినిస్తుంది. కండరం బిగుసుకోవడానికే కాదు, బిగిసిన పట్టు వదలడానికీ అది కావాలి. ప్రాణం పోతే ఊపిరి ఆగుతుంది, ఆక్సిజన్ అందదు, ఉన్న ఏ.టి.పి. కాస్తా అయిపోతుంది. అప్పుడు కండరాలు పట్టు వదలలేక, కొన్ని గంటల్లో శరీరం కొయ్యబారిపోతుంది. ఇక నడక ఎక్కడిది?

అలాగని శాస్త్రజ్ఞులు జాంబీలను కొట్టిపారేయలేదు సుమా! 2009లో కెనడాలోని ఒట్టావాలో కొందరు గణితజ్ఞులు, అంటురోగాల వ్యాప్తిని అంచనా వేసే సమీకరణాలనే జాంబీలకు వర్తింపజేశారు. వెంటనే, గట్టిగా, మళ్లీ మళ్లీ ఎదుర్కోకపోతే మనుషులు మిగలరని లెక్క తేలింది. నిజమైన అంటురోగం విషయంలోనూ మొదటి రోజుల ఆలస్యం ఎంతో చేటు చేస్తుంది.

2011 మేలో అమెరికా ప్రభుత్వ రోగ నియంత్రణ సంస్థ ఇంకో చమత్కారం చేసింది. తుపాన్లకు సిద్ధంగా ఉండమంటే జనం పెద్దగా పట్టించుకోరు. అందుకని "జాంబీలు వస్తే ఏం చేస్తారు?" అంటూ సలహాలు ప్రకటించింది. చదవడానికి జనం ఎగబడేసరికి ఆ పేజీ కాసేపు తెరుచుకోనేలేదు! ఇంతకీ అందులో ఉన్నవేమిటి? నీళ్లు, తిండి, మందులు, రేడియో, ముఖ్యమైన కాగితాలు. 1977 నవంబరు ఉప్పెనను చూసిన దివిసీమ పెద్దల్ని అడగండి, వీటిలో దేని విలువైనా చెబుతారు.

మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే సుమారు 3.8 లీటర్ల నీళ్లు దాచుకోమంది ఆ జాబితా. అయిదుగురున్న ఇంటికి మూడు రోజులకి 57 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెలైతే నాలుగు. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి లెక్కపెట్టాడు. మూతలున్న బిందెలు రెండే ఉన్నాయట.