సినిమాలో సముద్రం

మా మేనల్లుడు హైదరాబాదులో సినిమాలకు నీళ్లు తయారు చేస్తాడు. "మూడు వారాలుగా ఒక్క కెరటం ముందు కూర్చున్నాడుట! నువ్వైనా వెళ్లి బ్యాంకు పరీక్ష రాయమని చెప్పు, అన్నయ్యా" అని మా చెల్లెలు కన్నీళ్లు పెట్టుకుంటే బయలుదేరాను.

తెలుగు ఎం.ఏ. చదివి కళాశాలలో పాఠాలు చెప్పుకునే నాకు లెక్కలంటే చిన్నప్పటినుంచీ భయం. అయినా మేనమామ హోదాలో, "ట్యాంకులో బొమ్మ ఓడ వేసి ఫిల్ము తీస్తే సరిపోదుటరా?" అన్నాను.

"ఓడను చిన్నది చేయవచ్చు మామయ్యా, నీటిబొట్టును చేయలేం కదా! తెరమీద అది గుమ్మడికాయంత కనపడి గుట్టు బయటపెడుతుంది" అన్నాడు. 1956లో వచ్చిన 'టెన్ కమాండ్‌మెంట్స్'లో ఎర్రసముద్రం చీలడానికి నిజం నీళ్లే ట్యాంకులోకి గుమ్మరించి, ఆ ఫిల్మును వెనక్కి తిప్పారట.

ఇప్పటి పద్ధతి వేరు. నీరుండే చోటునంతా అగ్గిపెట్టెలు పేర్చినట్టు చిన్న చిన్న గళ్లుగా ఊహించుకోండి. ఒక్కొక్క గడిలో నీరు ఎటు, ఎంత వేగంతో పోతున్నదో కంప్యూటరు లెక్క కడుతుంది. నిండిన గడిలోకి వచ్చినంత నీరూ బయటికి పోవాలి. లేకపోతే ఒత్తిడి పెరిగి పక్క గడిని నెడుతుంది. సూత్రాలు పాతవే: నావియే అనే ఫ్రెంచివాడు 1822లో, స్టోక్స్ 1845లో చెప్పినవి. వాటికి ఎల్లవేళలా సరైన పరిష్కారం ఉంటుందో ఉండదో తేల్చినవారికి పదిలక్షల డాలర్లు ఇస్తామని క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించింది. చూశారా, మన బిందెలో నీళ్ల సంగతే!

చిక్కల్లా ఏమిటంటే, గడి కొలత సగం చేస్తే గళ్లు ఎనిమిదింతలవుతాయి. పోనీ, కాలాన్ని పెద్ద అంగలతో దాటిద్దామంటే అంకెలు పేట్రేగి తెరమీద నీరు పేలిపోయేది. 1999లో జోస్ స్టామ్ అనే ఆయన ప్రశ్ననే తిరగవేశాడు. నీరు ఎక్కడికి పోతుందని కాక, "ఈ గడిలోని నీరు క్షణం కిందట ఎక్కడిది?" అని అడిగాడు. పేలడం ఆగింది, కాని సుడులు కాస్త తొందరగా చల్లారిపోతాయిట. (పదాలకు మూలాలు వెతికే మా బోటివాళ్లకు ఈ వెనకచూపు కొత్త కాదులెండి.)

చివరికి తన కెరటం చూపించాడు. నాలుగు సెకన్లు. రాతిని కొట్టి, నురగై, జారిపోయింది. అచ్చం సముద్రమే.

"బాగుందిరా!"

"దర్శకుడు వద్దన్నాడు మామయ్యా. నీళ్లలాగే ఉందిట, కోపం చాల్లేదుట."

అని, గళ్లు ఇంకా సన్నం చేసి, రాత్రికి మళ్లీ లెక్కకు పెట్టాడు.

బ్యాంకు పరీక్ష పుస్తకం నా సంచీలోనే తిరిగి వచ్చింది. గుమ్మంలోనే చెల్లెలు "ఏమన్నాడు?" అంది.

"ఇంకో వారం పడుతుందిట" అన్నాను.