ఆజ్ఞకు లోబడిన జలపాతము

'జలపాత'మను మాటలో పడుటయే ప్రధానార్థము. నీరు తనంతట తాను పల్లమునకు దూకునని మన భావన. కాని మానవుడు గేటు తెరచిన గడియకు మాత్రమే దూకు జలపాతములును లోకమున కలవు. స్వీడను దేశమందలి ట్రోల్‌హెట్టన్ జలపాతము అట్టిది. దీనిని ప్రకృతిదృశ్యమనవలెనా, యంత్రకార్యమనవలెనా, పండుగయనవలెనా యను ప్రశ్న ఉత్సవములను పరిశీలించువారికి విచారణీయము.

గోటా నది వేనెర్న్ సరస్సునుండి బయలుదేరి గోథెన్‌బర్గు నగరమువద్ద సముద్రమును చేరును. ట్రోల్‌హెట్టన్‌వద్ద అది సుమారు 32 మీటర్లు దిగుచున్నది. ఈ దిగుడు నావలకు ఆటంకము, నీటిమరలకు పెన్నిధి. 1800లో లాకులు పూర్తి కాగా నావలు జలపాతమును తప్పించుకొని పోసాగినవి. 1844లోను, 1916లోను అంతకంటె పెద్ద లాకులు ఏర్పడినవి. నావలకు దారి యిచ్చినంతవరకు జలపాతమునకు లోపము రాలేదు. 1910లో ఓలిడాన్ జలవిద్యుత్కేంద్రము పనిచేయనారంభించినది; అటుపై హోయుమ్ కేంద్రము తోడైనది. నీరు రాతిపడకను విడిచి టర్బైనులవైపు మరలినది. జలపాతస్థానము సామాన్యదినములందు వట్టి బండల లోయగా మిగిలినది.

వేసవిలో నిర్ణీతదినములందు గేట్లు తెరతురు. జనులు ముందుగనే వంతెనమీదను, గట్లమీదను గుమిగూడుదురు. సెకనుకు 3,00,000 లీటర్ల నీరు లోయను ముంచెత్తును. గేట్లు మూసినపిమ్మట మరల బండలే కానవచ్చును. 1959లో 'జలపాత దినములు' అను అర్థముగల పేరుతో జూలైమాసపు ఉత్సవమొకటి దీనిచుట్టును ఏర్పడినది. సంగీతాది వినోదములు దానికి అంగములు. మన తిరునాళ్లకు తిథినక్షత్రములు ముహూర్తము నిర్ణయించును. అచ్చట గేటు తెరచు గడియయే ముహూర్తము.

విద్యుత్తునకు పూర్వమును యాత్రికులు ఆ జలపాతమును చూడవచ్చెడివారు. కాని గడియ చూచుకొని రావలసిన అవసరము వారికి లేకుండెను. నిత్యము వినబడు ఘోష అరుదైనందుననే దానిని వినుట వేడుకయైనది. పరిశ్రమ ఒక దృశ్యమును హరించి, దానినే కొలతవేసి తిరిగి యిచ్చుచున్నదని చెప్పవచ్చును. అట్లని ఆ వేడుక కృత్రిమమని త్రోసివేయరాదు; నీరు నిజము, చూచువారి ఉల్లాసమును నిజము. అయినను ఉత్సవమునుమాత్రమే వర్ణించినచో సగము సత్యమే చెప్పినట్లగును. తక్కిన దినములలో అచ్చట ఏమి లేదో, ఆ నీరు ఎచ్చటికి పోవుచున్నదో, దానినిగూడ పరిశోధకుడు వ్రాసికొనవలెను.