పలక వదిలి పాట పట్టిన మాస్టారు

కోనసీమలోని మురమళ్ళ వాళ్ళు చూసిన తెల్లదొరతనాలు రెండు. గౌతమీ గోదావరికి ఇవతల ఇంగ్లీషువాళ్ళది, అవతల యానాంలో ఫ్రెంచివాళ్ళది. ఇవతలది 1947లో పోయింది. అవతలది 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో జనం తిరగబడేదాకా కదల్లేదు. ఈ రెండు స్వాతంత్ర్యాల నడుమ, 1952 డిసెంబర్ 18న, ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ రాసిన గరిమెళ్ళ సత్యనారాయణ గారు మద్రాసులో పోయారు. అప్పటికింకా యానాంలో ఫ్రెంచి జెండా ఎగురుతూనే ఉంది.

లోకం ఆయన్ని కవిగా తలుచుకుంటుంది. నాకు ముందు మాస్టారే కనిపిస్తారు. 1893లో శ్రీకాకుళం ప్రాంతంలోని గోనెపాడులో పేదింట్లో పుట్టారు. గంజాం కలెక్టరు కచేరీలో గుమాస్తాగిరీ చేశారు, విజయనగరంలో పిల్లలకు పాఠాలు చెప్పారు. రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణలో ఉండగా గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు అందింది. చదువు అక్కడితో ఆపేశారు. పాఠం చెప్పడం మాత్రం ఆపలేదు. పంటలున్నా పస్తులెందుకు, ఉప్పు ముట్టుకుంటే నేరమెందుకు అని అక్షరం రాని కూలీకి కూడా తలకెక్కేలా, వాడుక మాటల్లో, పాడుకునే వరసలో చెప్పారు. బ్రాకెన్ అనే కలెక్టరు ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ పాటను ఆయన చేతే పాడించుకుని విన్నాడని, తెలుగు రాకపోయినా దాని వేడి అతనికి తగిలిందని చెబుతారు. ఆ పాటకే ఏడాది జైలు పడింది. జైల్లో ఉండగా తండ్రి పోయారు. క్షమాపణ చెబితే వదిలేస్తామన్నారు. గరిమెళ్ళ చెప్పలేదు.

ఇంచుమించు అదే కాలంలో ఐర్లండులోనూ ఒక కవి మాస్టారు ఇదే దారి తొక్కారు. పాట్రిక్ పియర్స్ 1908లో డబ్లిన్‌లో సెయింట్ ఎండాస్ బడి పెట్టి, పిల్లలకు సొంత భాష మీద మమకారం నేర్పారు. ఇంగ్లీషువాళ్ళ మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటులో స్వతంత్ర ప్రకటన చదివిన గొంతు ఆయనదే. మే 3న ఆయన్ని కాల్చి చంపారు. ఆ వేడి మన నేల దాకా వచ్చింది. తిరుగుబాటు వీరులను మెచ్చుకుంటూ మద్రాసు ‘న్యూ ఇండియా’లో రాసినందుకు ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ కొలువు పోగొట్టుకుని, మదనపల్లె కాలేజీలో పంతులుగా చేరారు.

గరిమెళ్ళ పాటకు గోదావరి గట్టునే ఇంకో గొంతు బదులు పలికింది. రాజమహేంద్రవరానికి చెందిన కుసుమ ధర్మన్న గారు ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాసి, అంటరానితనం మోపిన సొంతవాళ్ళ పెత్తనాన్ని నిలదీశారు. కోనసీమలో ఈ రెండు పాటలూ కలిపే వినాలి. ఒకటి విని ఊరుకుంటే సగమే విన్నట్టు.

పియర్స్ నడిపిన బడి ఇవాళ మ్యూజియం. ఐర్లండు దాన్ని కంటికి రెప్పలా చూసుకుంటోంది. గరిమెళ్ళ గారో, మద్రాసులో ‘గృహలక్ష్మి’ లాంటి పత్రికల్లో చిన్న జీతాలకు పనిచేసి, చివర్లో పక్షవాతంతో, చూపు దెబ్బతిని, తిండికి కూడా ఒకరి సాయం మీద ఆధారపడ్డారు. ఆ చివరి రోజులన్నీ స్వతంత్ర భారతంలోనే గడిచాయి. ఈ మాట తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. ఆగస్టు పదిహేనున బడిలో ఆ పాట పాడించే మాస్టార్లు, రాసినాయనా మాస్టారేనని పిల్లలకు చెప్పాలి. ఎలా పోయారో కూడా దాచకుండా చెప్పాలి.