సౌరేతర గ్రహాల సంక్రమణం: కాంతి వక్రం చెప్పే సంగతులు

2012 జూన్ 6న శుక్రుడు ఒక నల్లని చుక్కలా సూర్యబింబం మీదుగా సాగిపోవడం మన దేశంలో చాలామంది చూశారు. దీన్నే సంక్రమణం, అంటే ట్రాన్సిట్ అంటాం. ఇతర నక్షత్రాల ముందు నుంచి గ్రహాలు ఇలాగే సాగినా ఆ చుక్క మనకు కనబడదు. నక్షత్రమే మనకొక బిందువు. తెలిసేదల్లా దాని కాంతిలో కలిగే కొద్దిపాటి తగ్గుదల. కాలంతోపాటు కాంతి తీవ్రత ఎలా మారుతుందో చూపే రేఖాపటమే కాంతి వక్రం.

1999కి ముందే డాప్లర్ పద్ధతిలో కొన్ని సౌరేతర గ్రహాలను కనుగొన్నారు. అయితే ఆ పద్ధతి గ్రహం కనీస ద్రవ్యరాశిని మాత్రమే ఇస్తుంది. కక్ష్య వంపు దానివల్ల తెలియదు. అవి అసలు గ్రహాలేనా అని సందేహించినవారూ లేకపోలేదు.

ఆ సందేహం తీర్చిన నక్షత్రం పెగాసస్ రాశిలోని హెచ్‌డి 209458. మన పూర్వాభాద్ర తారలు ఉన్నదీ ఈ రాశిలోనే. 1999 సెప్టెంబరు 9, 16 తేదీల రాత్రులు అమెరికాలోని బౌల్డర్‌లో డేవిడ్ షార్బనో, తిమోతి బ్రౌన్ దీన్ని పరిశీలించారు. షార్బనో అప్పటికింకా పరిశోధక విద్యార్థి. దూరదర్శిని వ్యాసం 10 సెంటీమీటర్లే! గ్రెగరీ హెన్రీ బృందం కూడా అదే ఏడాది స్వతంత్రంగా ఈ సంక్రమణాన్ని గుర్తించింది.

పలుచని మబ్బు, ధూళి కూడా కాంతిని తగ్గిస్తాయి కదా? అందుకే అదే చిత్రంలోని ఇతర తారలతో పోల్చి కొలుస్తారు. మబ్బు అన్నిటినీ మసకబారుస్తుంది, గ్రహం ఒక్కదాన్నే. ఇక్కడ తగ్గుదల సుమారు 1.5 శాతం, వ్యవధి దాదాపు 3 గంటలు. గ్రహం ఆవర్తన కాలం 3.5 రోజులు కాబట్టి, వారం తేడాతో అది మళ్లీ కనబడింది. పైగా డాప్లర్ లెక్క చెప్పిన వేళకే వచ్చింది.

జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నేను తరచుగా చూసిన పొరపాటు ఒకటి ఇక్కడే ఉంది. 1.5 శాతం అనేది వ్యాసార్థాల నిష్పత్తి కాదు, బింబాల వైశాల్యాల నిష్పత్తి. 0.015కు వర్గమూలం కడితే 0.12 వస్తుంది. అంటే గ్రహ వ్యాసార్థం నక్షత్రానిదానిలో 12 శాతం, గురుగ్రహానికి సుమారు 1.4 రెట్లు. సంక్రమణం జరిగిందంటే కక్ష్య మనకు దాదాపు అంచువైపుగా ఉన్నట్లే. కనుక ద్రవ్యరాశి కూడా ఖాయమైంది: గురుగ్రహానిదానిలో 0.7 వంతు. ఈ రెంటి నుంచి వచ్చే సాంద్రత నీటి సాంద్రతలో మూడో వంతు మాత్రమే. అది వాయుగోళమే తప్ప రాతిముద్ద కాదని అలా తేలింది.

భూమి వంటి గ్రహం సూర్యుని వంటి తార ముందుకు వస్తే తగ్గుదల 0.008 శాతమే. మన వాతావరణం వల్ల తారలు మిణుకుమనడంలో అది మునిగిపోతుంది. 2009లో కెప్లర్ దూరదర్శినిని అంతరిక్షంలోకి పంపడానికి ముఖ్య కారణం ఇదే.

అభ్యాసం: సూర్యునంత నక్షత్రం కాంతి 1 శాతం తగ్గింది. సూర్యుని వ్యాసార్థం 6,96,000 కిలోమీటర్లు అయితే గ్రహ వ్యాసార్థం ఎంత? అది మన సౌర కుటుంబంలోని ఏ గ్రహానికి దగ్గరగా ఉంది?