అదే కారా, వేరే కారా?

తీర్థాలలో ఊరంతా కలిసి లాగే రథాన్ని మీరు చూసే ఉంటారు. ఒక ఏడు దాని చక్రం పాడైతే వడ్రంగి కొత్త చక్రం వేస్తాడు. మరొక ఏడు ఇరుసు మారుస్తాడు. అయినా అది మన పాత రథమే అంటాం. కాని 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం కాలిపోయింది. టేకు కలపతో ఇంకొక రథం చేయించి 2021 ఫిబ్రవరిలో సిద్ధం చేశారు. అది ఎంత చక్కగా ఉన్నా, దాన్ని అందరూ కొత్త రథమనే అంటారు.

మరి ఒక్కొక్క ముక్కే మారుస్తూ పోగా, చివరికి పాత ముక్కలు దాదాపు ఏమీ మిగలకపోతే? అప్పుడది పాతదా, కొత్తదా? ఇది ఊసుపోక వేసుకునే చిక్కు ప్రశ్న కాదు. దీని మీద ఇంగ్లండులో పెద్ద వ్యాజ్యమే నడిచింది.

ఫ్రాన్సులో లె మాన్ అనే ఊళ్ళో 24 గంటలపాటు ఆగకుండా సాగే కార్ల పందెం ఒకటుంది. 1929లోనూ, 1930లోనూ ఆ పందెం గెలిచినది ఒకే కారు. అది బెంట్లీ కంపెనీవారి స్పోర్ట్స్ కారు. దానికి ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరు వచ్చింది. తరువాత దానికి ఇంకా పెద్ద ఇంజను పెట్టారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో అది అంచు దాటి పడిపోయింది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. విరిగిన కారును బాగుచేసి, పైన కప్పు వేసి, మామూలు రోడ్డు కారుగా మార్చారు. చాలా ఏళ్ళకు దాన్ని మళ్ళీ పందెపు కారు రూపానికి తెచ్చారు.

1990లో ఒక కంపెనీ ఆ కారును సుమారు కోటి పౌన్లకు కొనడానికి ఒప్పుకున్నది. ఆ తరువాత, “లె మాన్‌లో గెలిచిన కారులోని భాగాలు ఇందులో ఏమంత లేవు. ఇది ఆ కారే కాదు!” అని అడ్డం తిరిగింది. యజమాని కోర్టుకు వెళ్ళాడు.

పిల్లలూ, మీరే న్యాయమూర్తులైతే ఏమని తీర్పు చెప్పేవారు?

జస్టిస్ ఆటన్ ఇలా చెప్పాడు: ఈ కారు ఎన్నడూ లేకుండా పోలేదు. ఎవరో దాన్ని విప్పి పారేసి, తరువాత దాని పేరుతో మరొకటి చెయ్యలేదు. మార్పులన్నీ దాని బతుకులోనే, ఒకదాని తరువాత ఒకటిగా జరిగాయి. అందుచేత ఆ పేరు దానికి చెల్లుతుంది. అయితే, అది ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్నదని మాత్రం ఎవరూ అనడానికి వీల్లేదు. యజమాని వ్యాజ్యం గెలిచాడు.

చూశారా? భాగాలు మార్చడం తప్పు కాదు. మార్చిన సంగతి దాచడమే తప్పు. పాత కారును బాగుచేసి అమ్మేవాడు ఏది పాతదో, ఏది కొత్తదో రాసిపెట్టి, పాత కాగితాలతో సహా చూపించాలి.

కొనేవాడు కూడా కళ్ళు తెరిచి చూడాలి. మొదట, కారుకు వెన్నెముక వంటి చట్రం మీదా, ఇంజను మీదా కొట్టిన నంబర్లు కాగితాలతో సరిపోవాలి. తరువాత తుప్పు సంగతి. ఇనుముకు నీరూ, గాలిలోని ఆక్సిజనూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే కోనసీమ, కాకినాడ వంటి సముద్రతీరాలలో పాత కారును కాపాడడం కష్టం. కొందరు తుప్పు తిన్న చోట లప్పం దట్టంగా పట్టించి, పైన నిగనిగలాడే రంగు వేస్తారు. కంటికి ఏమీ తెలియదు. కాని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఆనించి చూడండి! ఇనుప రేకు మీద గట్టిగా అంటుకునే అయస్కాంతం, లప్పం దట్టంగా ఉన్నచోట జారిపోతుంది. అల్యూమినియం రేకుల కార్లు కూడా ఉన్నాయి గనక, రేకు ఏ లోహమో ముందుగా తెలుసుకోవాలి. ఎం.జి. టి.సి. వంటి 1940ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లలో రేకుల కింద కొయ్య చట్రం ఉంటుంది. అది పుచ్చిపోయిందేమో కూడా చూసుకోవాలి.

మన దేశంలో ఇటువంటి వాహనాల కోసం 2021లో ప్రత్యేక నియమాలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, చట్రం, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంచిన సొంత వాహనాలకు ‘వి.ఏ.’ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. వాటిని రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ తీసుకుపోవచ్చు. అమ్ముకోవచ్చు కూడా. కాని అమ్మినవారూ కొన్నవారూ 90 రోజుల లోగా రవాణా శాఖకు తెలపాలి.

రేపు మీరు మీ పాత సైకిలును పక్కింటి తమ్ముడికి అమ్మవచ్చు. టైరు కొత్తది, చెయిను పాతది, ఫోర్కు ఒకసారి వంగితే సరిచేయించాం అని ముందే చెప్పెయ్యండి. పది రూపాయలు తక్కువ వస్తే రావచ్చు. కాని ఆ తమ్ముడు ఆ సైకిలు ఎక్కి వాలులో దిగేటప్పుడు, ఆ ఫోర్కు సంగతి అతనికి తెలిసి ఉండాలి గదా!