అలనూ శతాబ్దాన్నీ కొలిచే యంత్రం

ఒక చోట సముద్రపు నీటిమట్టాన్ని నిమిష నిమిషానికీ కొలిచి, దశాబ్దాల తరబడి నమోదు చేసే యంత్రం టైడ్ గేజ్. రేవు గోడకో, జెట్టీ స్తంభానికో దీన్ని బిగిస్తారు. తువాలు, కిరిబాటి, మాల్దీవుల వంటి చిన్న ద్వీప దేశాల్లో దీనికి రెండు పనులున్నాయి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పైకొస్తున్న సముద్రాన్ని లెక్కగట్టడం ఒకటి. నిమిషాల్లో మీదపడే సునామీనో, తుపాను ఉప్పెననో పసిగట్టి కబురు పంపడం రెండోది. మొదటిదానికి ఓపిక కావాలి, రెండోదానికి వేగం కావాలి. ఒకే యంత్రం ఈ రెండు పనులకూ అక్కరకు రావడానికి నూట డెబ్బై ఏళ్లు పట్టింది.

యంత్రం పుట్టక ముందు ఆ పని మనుషులే చేసేవారు. రేవులో గీతలు గీసిన కొయ్య ఒకటి పాతి, పోటు ఎంతవరకు వచ్చిందో చూసి పుస్తకంలో రాసుకునేవారు. లివర్‌పూల్ రేవు అధికారి విలియం హచిన్సన్ 18వ శతాబ్దం ద్వితీయార్ధంలో దాదాపు ముప్పై ఏళ్లు అలా రాసిపెట్టాడు. అయితే అతని పుస్తకంలో ఉన్నవి పోటు ఎత్తులే. పోటుకీ ఆటుకీ నడుమ నీరు ఎలా నడిచిందో తెలియాలంటే రాత్రింబగళ్లు కన్నార్పని కాపలాదారు ఉండాలి.

ఆ కాపలాదారును లండన్ ఇంజనీరు హెన్రీ పామర్ 1831లో తయారుచేశాడు. అదే ఏడాది థేమ్స్ ముఖద్వారం దగ్గరి షీర్నెస్‌లో ఇలాంటి యంత్రం పనిలోకి దిగింది. దాని నిర్మాణం చాలా తేలిక. నీళ్లలో నిలువుగా ఒక గొట్టం నిలబెడతారు. దానికి అడుగున చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది. పైన అలలు ఎంత ఎగసినా, ఆ సన్నని దారిలో నీరు నెమ్మదిగానే లోపలికి రాగలదు కాబట్టి గొట్టంలో మట్టం నిలకడగా ఉంటుంది. గొట్టం లోపలి నీటి మీద ఒక బెండు తేలుతుంది. బెండుకు కట్టిన తీగ కప్పీ మీదుగా వెళ్లి ఒక కలాన్ని కదుపుతుంది. గడియారం తిప్పే కాగితపు చుట్ట మీద ఆ కలం గీసేదే సముద్రం దినచర్య. 1666లోనే రాబర్ట్ మోరే రాయల్ సొసైటీ పత్రికలో ఇలాంటి గొట్టపు ఆలోచన రాశాడు. అది చేతల్లోకి రావడానికి మరో నూట అరవై అయిదేళ్లు పట్టింది.

ఈ యంత్రాన్ని తయారుచేసింది ఓడలు రేవుకి క్షేమంగా చేరడం కోసం. అది మరో పనికి కూడా వస్తుందని అనుకోకుండా తెలిసింది. 1854 డిసెంబరులో జపాన్ తీరంలో పెద్ద భూకంపం వచ్చింది. పసిఫిక్ అవతలి ఒడ్డున శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ డియాగో గేజ్‌ల కాగితాల మీద పోటు గీతలో చిన్న చిన్న కోరలు కనిపించాయి. అమెరికా తీర సర్వే అధిపతి అలెగ్జాండర్ బేచ్ వాటిని జపాన్ నుంచి వచ్చిన అలలుగా గుర్తించాడు. సునామీ వేగం సముద్రపు లోతు మీద ఆధారపడి ఉంటుంది. అందువల్ల అలలు ఎంతసేపట్లో వచ్చాయో చూసి పసిఫిక్ సగటు లోతును అంచనా కట్టాడు. రెండు మూడు రేవుల కాగితాలతో ఒక మహాసముద్రాన్ని కొలవడం 19వ శతాబ్దపు విజ్ఞానంలో ఎంతో అందమైన పనుల్లో ఒకటి.

బంగాళాఖాతం వంతు 1881 డిసెంబరు 31న వచ్చింది. కార్ నికోబార్ దగ్గరి భూకంపం లేపిన సునామీని పోర్ట్ బ్లెయిర్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం సహా ఎనిమిది గేజ్‌లు నమోదు చేశాయి. రెండేళ్లు తిరక్కుండానే క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు కూడా భారత తీరపు గేజ్‌లు ఆ అలలను పట్టుకున్నాయి. అయితే ఆ కాగితాలను మనిషి వెళ్లి విప్పి చూసేసరికి అలలు ఎప్పుడో వచ్చి పోయేవి. గేజ్ జరిగినదాన్ని తప్పులేకుండా రాసిపెట్టేది గాని ఎవరినీ హెచ్చరించలేకపోయేది.

1933లో లివర్‌పూల్ కేంద్రంగా ప్రపంచ సముద్ర మట్టాల శాశ్వత భాండాగారం ఒకటి ఏర్పడింది. అయితే అందులో చేరిన లెక్కల్లో అధిక భాగం యూరప్, ఉత్తర అమెరికా రేవులవే. మహాసముద్రం నడుమ ఏం జరుగుతోందో చెప్పగల దీవుల్లో గేజ్‌లు తక్కువ. ఈ వెలితిని పూరించడానికి హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన క్లాస్ విర్ట్‌కీ 1970ల్లో పసిఫిక్ దీవుల్లో వరసగా గేజ్‌లు పెట్టించాడు. వాటి లెక్కలు ఒకచోట చేర్చి చూస్తే మహాసముద్రం కదలిక బయటపడింది. మామూలు రోజుల్లో వ్యాపార పవనాలు వెచ్చని నీటిని పడమటి వైపు నెడతాయి. అక్కడ సముద్రం ఎత్తుగా ఉంటుంది. గాలులు బలహీనపడగానే ఆ నీరు తూర్పుకి మళ్లుతుంది, పడమటి దీవుల్లో మట్టం పడిపోతుంది. ఎల్‌నినో రాకను నీటిమట్టంలో చదవవచ్చని అలా రుజువైంది.

దీవుల ప్రజలకు నేరుగా పనికొచ్చే తరం 1990ల్లో మొదలైంది. సముద్రం పెరుగుదలపై ద్వీప దేశాలు ఆందోళన తెలిపాక, ఆస్ట్రేలియా ప్రభుత్వం నిధులిచ్చి ఫిజి, టోంగా, సమోవా, కిరిబాటి, నౌరు, తువాలు వంటి దేశాల్లో సీఫ్రేమ్ అనే కొత్త రకం గేజ్‌లను నెలకొల్పింది. తువాలు రాజధాని ఫునాఫుటి రేవులో 1993లో ఒకటి వెలిసింది. ఇందులో బెండూ కలమూ లేవు. గొట్టం పైనుంచి ఒక ధ్వని కిందికి వెళ్లి, నీటిని తాకి, ప్రతిధ్వనిగా తిరిగొస్తుంది. ఆ రాకపోకలకు పట్టిన సమయాన్ని బట్టి నీరెంత దూరంలో ఉందో మిల్లీమీటరు స్థాయిలో తెలుస్తుంది. వేడిగాలిలో ధ్వని వేగం పెరుగుతుంది కనుక, గొట్టంలో తెలిసిన దూరంలో ఉంచిన గుర్తు నుంచి వచ్చే ప్రతిధ్వనితో లెక్కను సరిచేస్తారు. గాలి వేగం, వాయుపీడనం, నీటి ఉష్ణోగ్రత కూడా అదే పెట్టె కొలుస్తుంది.

గేజ్ చెప్పేది తాను నిలబడ్డ నేలతో పోల్చి సముద్రం ఎంత ఎత్తులో ఉందన్నది మాత్రమే. సముద్రం పైకొచ్చిందో, నేలే కిందికి దిగిందో దానికి తెలియదు. సమోవాలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. 2009 భూకంపం తర్వాత సమోవా, అమెరికన్ సమోవా దీవులు ఏళ్ల తరబడి కుంగుతూ వచ్చాయి. ఫలితంగా అక్కడి తీరాల్లో సముద్రం ప్రపంచ సగటుకు దాదాపు అయిదు రెట్లు వేగంగా పెరుగుతున్నట్టు కనిపించింది. అందుకే గేజ్ పక్కనే నేల కదలికను కొలిచే ఉపగ్రహ స్థాన నిర్ణయ కేంద్రాన్ని పెడతారు. సర్వేయర్లు క్రమం తప్పక వచ్చి, గేజ్ ఎత్తును నేలలో పాతిన గుర్తురాళ్లతో సరిచూస్తారు. ఎవరి కంటా పడని ఈ పని ఆగిపోతే ముప్పై ఏళ్ల లెక్కకు విలువ ఉండదు.

తువాలు తొమ్మిది దీవుల దేశం. మొత్తం నేల 26 చదరపు కిలోమీటర్లు, జనం సుమారు పది వేలు. గేజ్‌లు, ఉపగ్రహాలు కలిపి చూస్తే అక్కడ ముప్పై ఏళ్లలో సముద్రం సుమారు 15 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు కూడా లేదే అనిపిస్తుంది. కానీ ఏటా దక్షిణార్ధగోళపు వేసవి నెలల్లో పౌర్ణమి, అమావాస్యలకు వచ్చే అతి పెద్ద పోటు, అక్కడివారు కింగ్ టైడ్ అనేది, ఆ పెరిగిన మట్టం మీదనే లేస్తుంది. పగడపు నేల సందుల్లోంచి ఉప్పునీరు ఉబికి ఇళ్ల మధ్య నిలుస్తుంది. గుంటలు తవ్వి పెంచుకునే పులాకా అనే చేమజాతి దుంప కుళ్లిపోతుంది. ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో గేజ్ చెబుతుంది గాని, ఆ గుంటల్లో దుంప కుళ్లిపోయిన కుటుంబం ఏం తింటుందో చెప్పలేదు.

2004 డిసెంబరు 26 ఈ యంత్రం జీవితాన్ని మార్చేసింది. మాల్దీవుల్లో హనిమాధూ, మాలే, గాన్ దీవుల్లో అప్పటికే గేజ్‌లున్నాయి. ఆ రోజు సుమత్రా దగ్గర వచ్చిన భూకంపం తర్వాత మూడు గంటలకు పైగా గడిచాక సునామీ అలలు మాలే చేరాయి. దాదాపు మీటరున్నర ఎత్తును గేజ్ చక్కగా నమోదు చేసింది. మూడు గంటల వ్యవధి ఉన్నా హెచ్చరిక రాలేదు. హిందూ మహాసముద్రంలో అప్పటికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. ఆ గేజ్‌లు వాతావరణ పరిశోధన కోసం పెట్టినవి, వాటి లెక్కలు విడతలు విడతలుగా వెళ్లేవి. మాల్దీవుల్లో మరణించినవారు, ఆచూకీ లేనివారు కలిపి వందకు పైగా ఉన్నారు. యంత్రం ఉండి కూడా మనుషులు పోయారన్నది ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధాకరమైన సంగతి.

ఆ తర్వాత గేజ్‌లు నిమిషానికొకసారి కొలిచి, కొద్ది నిమిషాలకొకసారి ఉపగ్రహానికి పంపడం మొదలుపెట్టాయి. చాలా చోట్ల ధ్వని స్థానంలో రాడార్ వచ్చింది. అది నీటిని తాకకుండా పైనుంచే కొలుస్తుంది కాబట్టి నాచు, గవ్వపురుగుల బెడద తగ్గింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన హైదరాబాదులో ఉన్న జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2011 నుంచి అది ఆస్ట్రేలియా, ఇండోనేషియా కేంద్రాలతో కలిసి మాల్దీవులు, సీషెల్స్, మారిషస్ వంటి హిందూ మహాసముద్ర దేశాలకూ సమాచారం పంపుతోంది. భూకంప లెక్కలతో వేసిన అంచనాను గేజ్‌ల అంకెలతో సరిచూసి, అలలు నిజంగా లేచాయా లేదా అన్నది అక్కడ తేలుస్తారు. అనవసరపు హెచ్చరికను ఉపసంహరించుకోవడానికీ ఈ అంకెలే ఆధారం. రెండుసార్లు ఉత్తినే కొండెక్కిన జనం మూడోసారి కదలకపోవచ్చు.

గేజ్‌కు అందని ప్రమాదాలూ ఉన్నాయి. 2009 సెప్టెంబరు 29న సమోవా దగ్గర భూకంపం వచ్చినప్పుడు పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం తొలి హెచ్చరిక 16 నిమిషాలకు వెలువడింది. కొన్ని ఊళ్లకు అప్పటికే అలలు చేరువయ్యాయి. అంత దగ్గరి సునామీకి కాళ్ల కింద కదిలిన నేలే హెచ్చరిక. 2008 డిసెంబరులో ఎక్కడో ఉత్తర పసిఫిక్ తుపానులు లేపిన పొడవాటి అలలు వేల కిలోమీటర్లు నడిచి వచ్చి మార్షల్, కిరిబాటి, సాలమన్ దీవులను ముంచాయి. పగడపు దిబ్బల నడుమ మడుగు, అంటే లగూన్ లోపలి ప్రశాంత జలాల్లో నిలిచిన గేజ్‌కు అలాంటి అలలు సరిగా కనిపించవు. 2015 మార్చిలో పామ్ తుపాను అలలు తువాలులో నూయి దీవిని ముంచెత్తాయి. ఎక్కడో ఫునాఫుటి రేవులోని గేజ్ నూయి ఒడ్డు సంగతి చెప్పలేదు. 2022 జనవరి 15న టోంగాలో హుంగా అగ్నిపర్వతం పేలినప్పుడు రాజధాని నుకుఅలోఫా గేజ్ 1.2 మీటర్ల అల చూపింది. ఇతర తీరాల్లో అలలు అంతకు ఎన్నో రెట్లు ఎగశాయి.

ఆ పేలుడుతో టోంగాలో సముద్రగర్భపు కేబుల్ కూడా తెగిపోయింది. దేశం ఒక్కసారిగా ప్రపంచానికి దూరమైంది. కేబుల్ మళ్లీ అతికేసరికి అయిదు వారాలు పట్టింది. దీవుల్లో అంకె పుట్టడం ఎంత ముఖ్యమో అది గడప దాకా చేరడమూ అంతే ముఖ్యం. నిజానికి ఎక్కువ డబ్బు యంత్రానికీ, తక్కువ డబ్బు ఈ చివరి మజిలీకీ దొరుకుతూ వచ్చింది. అందుకే మారుమూల దీవుల్లో అన్ని దారులూ కలిపి వాడుకుంటారు: షార్ట్‌వేవ్ రేడియో, ఎఫ్‌ఎం ప్రసారం, సెల్‌ఫోన్ సందేశం, చర్చి గంట. పసిఫిక్‌లో కొన్ని చోట్ల చాటీ బీటిల్ అనే చిన్న పెట్టె ఉంది. ఇరిడియం ఉపగ్రహాల ద్వారా పొట్టి సందేశం రాగానే మోత మోగించి మనుషులను పిలుస్తుంది. టవర్లు కూలినా అది పనిచేస్తుంది. కానీ ఆ సందేశం చదివి, గంట కొట్టి, ముసలివాళ్లను చేయిపట్టి నడిపించే మనిషి ఊళ్లో ఉండాలి.

గేజ్ తర్వాతి తరం ఇప్పుడు సముద్రగర్భంలో రూపుదిద్దుకుంటోంది. వనువాటు, న్యూ కాలెడోనియా నడుమ తలపెట్టిన టామ్ టామ్ కేబుల్‌లో ఇంటర్నెట్ తీగలతో పాటు పీడనాన్నీ, ఉష్ణోగ్రతనూ, నేల అదురునూ కొలిచే పరికరాలను అమర్చాలన్నది ప్రణాళిక. నడిసముద్రంలో అల లేచిన కాసేపటికే వాటి లెక్కలు ఒడ్డు చేరతాయి. సముద్రం నేలతో పోలిస్తే ఎంత పెరిగిందన్న లెక్కకు మాత్రం ఒడ్డున, గుర్తురాళ్ల పక్కన నిలిచిన గేజే ఇప్పటికీ ఆధారం.