కామ్ షాఫ్ట్ మారిస్తే వాల్వ్ స్ప్రింగులు కూడా మార్చాలా?

"బ్రో, పర్ఫార్మెన్స్ కామ్ వేయిస్తున్నా, స్ప్రింగులు పాతవే ఉంచొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. షార్ట్‌గా చెప్పాలంటే, కొత్త కామ్ లెక్కలు చూడకుండా మాత్రం ఉంచొద్దు. ఆర్‌ఎక్స్ 100 వాళ్లు రిలాక్స్ అవ్వండి, మీ టూ స్ట్రోక్‌లో కామ్ షాఫ్టే లేదు.

ముందు బేసిక్స్. వాల్వ్‌ని తెరిచేది కామ్, మూసేది స్ప్రింగ్. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే 7,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వ్ సెకనుకి దాదాపు 58 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఆ స్పీడ్‌కి స్ప్రింగ్ బలం చాలకపోతే, వాల్వ్ కామ్‌ని ఫాలో అవ్వకుండా గాల్లో తేలుతుంది. దీన్నే వాల్వ్ ఫ్లోట్ అంటారు. పవర్ పడిపోతుంది. ఇంకా ముదిరితే పైకొచ్చే పిస్టన్ వాల్వ్‌ని గుద్దేస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. స్ప్రింగ్ మీద పడే లోడ్ ఆర్‌పీఎం స్క్వేర్‌తో పెరుగుతుంది. 7,000 నుంచి 8,000కి వెళ్తే స్పీడ్ పెరిగేది 14 శాతమే, కావాల్సిన బలం మాత్రం 30 శాతం ఎక్కువ.

నా కథే చెప్తా. మొదటి జీతాలు దాచి నా పాత ఫోర్ స్ట్రోక్ బైక్‌కి కామ్ వేయించా. "స్ప్రింగులు కూడా మార్చేయ్ తమ్ముడూ" అన్నాడు మెకానిక్ అన్న. డబ్బులు మిగులుతాయని నేనే వద్దన్నా. మూడో వారం ఘాట్ రోడ్డులో నాలుగో గేర్ నుంచి పొరపాటున రెండోదానికి దించేశా. వెనక చక్రమే ఇంజన్‌ని తిప్పుతుంటే రెవ్ లిమిటర్ కూడా కాపాడలేదు. టక్‌మని ఒక్కటే సౌండ్. ఎగ్జాస్ట్ వాల్వ్ వంగింది, పిస్టన్ మీద గాటు పడింది. మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు వదిలింది.

సో, మూడు చెక్ చేయండి.

ఒకటి, లిఫ్ట్. ఉదాహరణకి, బిగించినప్పుడు స్ప్రింగ్ ఎత్తు 34 ఎంఎం, పూర్తిగా నొక్కుకుపోతే 24.5 అనుకుందాం. కదలడానికి ఉన్న చోటు 9.5 ఎంఎం. పాత కామ్ లిఫ్ట్ 8 అయితే ఓకే. కొత్తది 9.5 అయితే చుట్లన్నీ ఒకదానికొకటి ఆనిపోతాయి. గ్యాప్ జీరో, ఏదో ఒకటి విరుగుతుంది.

రెండు, ఆర్‌పీఎం. రీమ్యాప్ చేసి లిమిట్ పెంచుతున్నారా? అయితే స్ప్రింగులు మార్చాల్సిందే అనుకోండి.

మూడు, వయసు. బాగా తిరిగిన స్ప్రింగ్ బిగువు కోల్పోతుంది. కొలిపించండి.

లిఫ్ట్, లిమిట్ రెండూ స్టాక్‌కి దగ్గరగా ఉండి, కామ్ తయారుచేసినవాళ్లు ఓకే అంటే, మంచి కండిషన్‌లో ఉన్న పాత స్ప్రింగులు చాలు. అలాగని దొరికినవాటిలో గట్టి స్ప్రింగ్ వేసేయకండి, కామ్ లోబ్, రాకర్ త్వరగా అరిగిపోతాయి. ఇంకో మాట, లిఫ్ట్ పెరిగితే వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య గ్యాప్ కూడా కొలవాలి. అది స్ప్రింగ్ తీర్చే ప్రాబ్లమ్ కాదు.

ఈ ఫ్లోట్ గొడవే వద్దని 1956లో డుకాటీ ఇంజనీర్ ఫాబియో టాలియోని, రేస్ బైక్‌లో వాల్వ్‌ని మూసే పని కూడా కామ్‌కే అప్పగించాడు. అదే డుకాటీ 2020లో మల్టీస్ట్రాడా వీ4కి స్ప్రింగులే వాడింది. అంటే సరైన స్ప్రింగ్ పడితే చాలు.

కామ్ కొనేటప్పుడే స్ప్రింగుల బడ్జెట్ కూడా పక్కన పెట్టుకోండి. అది లేదంటే, కామ్ ఇంకో రెండు నెలలు ఆగనివ్వండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!